ఇంకొకరి వేసవి కోసం అడగడం

అమెరికాలో ఎంబీఏ రెండేళ్ళ చదువు. ఆ రెండేళ్ళ మధ్యలో ఒక్క వేసవి వస్తుంది. పది, పన్నెండు వారాలు ఉంటుంది. చాలామందికి చదువయ్యాక దొరికే ఉద్యోగం ఆ వారాల్లోనే ఖాయమైపోతుంది. పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు, బ్యాంకులు అప్పుడు నెలకు పదివేల డాలర్లు దాటి ఇస్తాయి. అదే చదువుతో, అదే తెలివితో ఒక ఉచిత ఆసుపత్రి లెక్కలు చక్కబెట్టడానికో, పేదలకు ఇళ్ళు కట్టే సంస్థకు మూడేళ్ళ ప్రణాళిక రాయడానికో వెళ్తే వాళ్ళు ఇవ్వగలిగేది బాగా తక్కువ. కొన్నిచోట్ల ఏమీ ఉండదు. వాళ్ళకు పని లేక కాదు, మీ విలువ తెలియకా కాదు. వాళ్ళ దాతలు ఇచ్చిన డబ్బు మందులకు, ఇటుకలకు సరిపోతే అదే గొప్ప.

అద్దె మాత్రం రెండు చోట్లా ఒకటే.

సేవ చేయాలనుకునే పిల్లలకు మన సమాజంలో మెచ్చుకోళ్ళకు లోటు లేదు. లోటల్లా ఆ మూడు నెలల అద్దెకు, బస్సు పాసుకు, భోజనానికి. ఆ డబ్బు ఎక్కడినుంచి పుట్టించాలన్న ప్రశ్నకు కొన్ని బిజినెస్ స్కూళ్ళ విద్యార్థులు తామే జవాబు కనిపెట్టారు. వాళ్ళే వేలం పెడతారు, వాళ్ళే పాట పాడతారు, వచ్చిన డబ్బుతో తమలోనే కొందరిని స్వచ్ఛంద సంస్థలకు పంపుతారు. బ్యాంకుకు వెళ్ళే కుర్రాడి జేబులోంచి ఆసుపత్రికి వెళ్ళే అమ్మాయి అద్దె వస్తుందన్నమాట.

కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో ఉన్న యేల్ మేనేజ్‌మెంట్ స్కూల్లో ఇలాంటి నిధి 1979లో మొదలైంది. ఆ స్కూలు పుట్టుకే కాస్త వేరు. 1976లో మొదటి బ్యాచ్ చేరినప్పుడు అక్కడ ఎంబీఏ అన్న డిగ్రీయే లేదు. పబ్లిక్ అండ్ ప్రైవేట్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ ఇచ్చేవారు. కంపెనీనైనా, ప్రభుత్వ శాఖనైనా, ధర్మసంస్థనైనా నడపగలిగే మనిషిని తయారుచేయాలన్నది వాళ్ళ ఆలోచన. ఎంబీఏ పేరు 1999లో గానీ రాలేదు. అలాంటి చోట చదివేవాళ్ళకు, జీతం లేదన్న ఒక్క కారణంతో తోటివాళ్ళు ఇష్టమైన పని వదులుకోవడం సబబనిపించలేదు. విద్యార్థులే ఇంటర్న్‌షిప్ ఫండ్ ఏర్పాటు చేసుకున్నారు. న్యూ హాంప్‌షైర్‌లోని హానోవర్ ఊళ్ళో, 1900లో పుట్టిన టక్ స్కూల్లోనూ 'టక్ గివ్స్' పేరుతో ఇదే పని కోసం వేలం జరుగుతుంది.

ఈ నిధి అవసరం ఎవరికో అర్థం కావాలంటే తర్వాతి రోజుల్లో పెప్సికో సీఈఓ అయిన ఇంద్రా నూయీ కథ గుర్తుచేసుకోవాలి. ఆవిడ 1978లో మద్రాసు నుంచి వెళ్ళి యేల్‌లో చేరారు. అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా రిసెప్షనిస్టుగా కూర్చుని ఖర్చులు వెళ్ళదీసుకున్నారు. వేసవి ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం యాభై డాలర్లు పోసి కొన్న సూటు ఒంటికి నప్పక అవమానంగా అనిపించి, తర్వాతి ఇంటర్వ్యూకి చీర కట్టుకుని వెళ్ళి, బూజ్ అలెన్ హామిల్టన్ అనే కన్సల్టింగ్ కంపెనీలో ఆ వేసవి పని సంపాదించారు. ఇవాళ ఆ స్కూలు డీన్ పదవికి ఆవిడ పేరే పెట్టారు. అలా రాత్రిళ్ళు పనిచేసి చదువుకునే విద్యార్థి ముందు జీతం లేని వేసవిని పెడితే, మనసు ఎంత లాగినా సరేననడం కష్టం. నిధి లేకపోతే స్వచ్ఛంద సంస్థల ఇంటర్న్‌షిప్పులు ఇంట్లో డబ్బున్న పిల్లలకే మిగులుతాయి. పేదరికం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు పేదల కోసం పనిచేసే చోటికి వెళ్ళలేకపోవడం కంటే అన్యాయం ఏముంటుంది?

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో వేలంపాట గురించి అధ్యాయం ఎందుకంటే, అడగడం అనే విద్య నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి నాకు కనిపించలేదు.

మొహమాటం మన రక్తంలో ఉంది. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత చెప్పుకుంటాం, అడగాల్సిన చోట మాత్రం గొంతు పెగలదు. చదువులో ఎప్పుడూ ముందుండే పిల్లలకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. పరీక్ష రాస్తే మార్కులు వాటంతటవే వచ్చాయి, ఎవరినీ చేయి చాచి అడగాల్సిన పని పడలేదు. బిజినెస్ స్కూలు దాటాక జీవితమంతా అడగడమే ఉంటుంది. పెట్టుబడి అడగాలి, గడువు అడగాలి, మంచి మనిషిని మన టీములోకి రమ్మని అడగాలి. మన కోసం అడిగేటప్పుడు 'ఏమనుకుంటారో' అన్న భయం మాటకు ముందే వచ్చి కూర్చుంటుంది. ఇంకొకరి కోసం అడిగేటప్పుడు ఆ భయం సగం తగ్గుతుంది, ఎదుటివాళ్ళు కాదంటే ఆ కాదనడం మన మీద కాదు గనక. అందుకే అడగడం నేర్చుకోవాలనుకునేవాళ్ళు మొదట ఇంకొకరి కోసం అడగండి. వేలానికి వస్తువులు సేకరించే కమిటీలో చేరండి. వేదిక అలంకరణ కమిటీ కంటే, పోస్టర్ల కమిటీ కంటే అది కష్టం. నేర్పేది కూడా అదే.

ఎలా అడగాలో ఒక నమూనా చూద్దాం. స్కూలు ఉన్న ఊళ్ళో ఒక ఆంధ్రా హోటల్ ఉందనుకోండి. అమెరికాలో ఇప్పుడు చిన్న ఊళ్ళలోనూ ఒకటో రెండో ఉంటున్నాయి. మధ్యాహ్నం మూడున్నరకు, గిరాకీ తగ్గి యజమాని కౌంటరు దగ్గర టీ తాగుతున్న వేళకు ఒక విద్యార్థిని వెళ్ళింది.

"అంకుల్, నమస్తే. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

"చెప్పమ్మా. పార్టీ ఆర్డరా?"

"కాదంకుల్. మా బిజినెస్ స్కూల్లో ఫిబ్రవరిలో వేలం పెడుతున్నాం. ఆ డబ్బుతో, జీతం ఇవ్వలేని స్వచ్ఛంద సంస్థల్లో వేసవిలో పనిచేసే మా క్లాస్‌మేట్ల ఖర్చులు చూస్తాం. మీ దగ్గరికి చందాకి రాలేదు. ఒక రోజు ఎనిమిది మందికి మీ వంటింట్లో గుత్తొంకాయ, గోంగూర మాంసం ఎలా చేస్తారో చూపించి, తర్వాత అరిటాకులో భోజనం పెట్టగలరా? ఆ ఎనిమిది సీట్లు వేలంలో పెడతాం."

"మా కిచెన్‌లోనా? నువ్వు ఆదివారం అంటావు, ఆదివారం నాకు ఊపిరాడదు."

"సోమవారం మీకు సెలవు కదంకుల్. సోమవారమైతే?"

"కత్తులు, పొయ్యిలు ముట్టుకోనివ్వనమ్మా. రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు నన్ను పట్టుకుంటారు."

"చేసేది మీరే. వాళ్ళు చూస్తారు, తింటారు."

"ఎంతకి పోతుందేంటి ఇది?"

"సీటు యాభై డాలర్ల దగ్గర మొదలుపెడదామనుకుంటున్నాం."

"మా బఫేనే పద్దెనిమిది డాలర్లమ్మా!"

"బఫే ఎవరైనా కొనుక్కోవచ్చంకుల్. మీ వంటింట్లోకి ఎవర్నీ రానివ్వరుగా."

ఆయన గ్లాసు పక్కన పెట్టి కేలండర్ తీశాడు. "మార్చిలో రెండో సోమవారం రాసుకో. గోంగూర మాత్రం ఆ వారం దొరికితేనే."

ఈ సంభాషణలో ఆ అమ్మాయి వెళ్ళిన వేళ చూడండి. ఒంటి గంటకు వెళ్ళి ఉంటే ఇదే మనిషి 'తర్వాత చూద్దాం' అని పంపేసేవాడు. ఆమె డబ్బు అడగలేదు. ఆయనకు సహజంగా ఉన్నదాన్నే, ఆయన గర్వపడేదాన్నే అడిగింది. డబ్బు ఎక్కడికి వెళ్తుందో ఒక్క వాక్యంలో చెప్పింది. సోమవారం సెలవని ముందే తెలుసుకుని వచ్చింది. ఆయన ఇబ్బంది చెప్పినప్పుడు వాదించకుండా తన కోరికనే ఆ ఇబ్బందికి తగ్గట్టు మార్చుకుంది. కేలండర్‌లో తేదీ పడేదాకా కదల్లేదు. 'తప్పకుండా చేద్దాం' అన్న మాట వేలానికి పనికిరాదు, తేదీ ఉండాలి. ఆ సాయంత్రమే తేదీ, మనుషుల సంఖ్య, కత్తులు ముట్టుకోకూడదన్న షరతు అన్నీ రాసి ఆయనకు ఒక మెసేజ్ పెట్టాలి. పది మందిని ఇలా అడిగితే కొందరు కుదరదంటారు. వాళ్ళకూ అదే మర్యాదతో థాంక్స్ చెప్పి రండి. వచ్చే ఏడాది కమిటీ మళ్ళీ ఆ గుమ్మమే ఎక్కాలి.

ఇక ఏం సేకరించాలన్నది. కొత్తవాళ్ళు వెంటనే గిఫ్ట్ కార్డుల మీద పడతారు. వంద డాలర్ల గిఫ్ట్ కార్డు ఎనభైకి పోతుంది, ఎందుకంటే దాని విలువ దాని మీదే అచ్చువేసి ఉంటుంది. విలువ అచ్చువేయలేని వాటికే మంచి ధర పలుకుతుంది. ఈ సంగతి మన ఊరివాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో గణేశుడి లడ్డూ వేలం 1994లో మొదలైనప్పుడు 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. ఇరవై ఒక్క కిలోల లడ్డూ మిఠాయి కొట్లో ఎంతకు దొరుకుతుందో పాడేవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళు కొనేది ఆ ఒక్కచోట తప్ప దొరకని లడ్డూని, ఊరంతా చూస్తుండగా కొంటారు, డబ్బు ఊరి అభివృద్ధికి వెళ్తుందని తెలిసి కొంటారు. మరెక్కడా దొరకకపోవడం, నలుగురూ చూడటం, డబ్బు మంచికి పోవడం, ఈ మూడూ కుదిరితే బజారు ధర ఎవరికీ గుర్తుకురాదు.

బిజినెస్ స్కూల్లో అలాంటివి బోలెడు. ప్రొఫెసర్ గారి ఇంట్లో ఆరుగురికి భోజనం, ఆ ప్రొఫెసర్‌తోనే ఒక సాయంత్రం పేకాట. డీన్ గారితో పొద్దున్నే జాగింగ్. క్లాసులో ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే మాజీ వాయుసేన పైలట్ నడిపే చిన్న విమానంలో అరగంట (లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు చూశాకే). కూచిపూడి వచ్చిన విద్యార్థిని ఇచ్చే నాలుగు పాఠాలు. చలికాలం తెల్లవారుజామున నాలుగింటికి ఎయిర్‌పోర్టుకు కారులో దింపడం కూడా ఎగబడి పాడతారు, ఆ వేళకు క్యాబ్ దొరకని బాధ అందరిదీ గనక. చూడండి, వీటిలో డబ్బున్నవాళ్ళు మాత్రమే ఇవ్వగలిగినవి ఎన్ని? దాదాపు ఏవీ లేవు. అప్పు చేసి చదువుతున్న విద్యార్థి కూడా దాత కావచ్చు, ఈ వేలంలో నాకు అన్నింటికంటే నచ్చేది అదే.

అమ్మకూడనివీ ఉన్నాయి. మార్కులకు, అసైన్‌మెంట్ గడువుకు, సిఫార్సు లేఖకు, ఇంటర్వ్యూలో మొగ్గుకు దగ్గరగా వచ్చే ఏదీ వేలంలో ఉండకూడదు. ప్రొఫెసర్‌తో భోజనం పెడితే ఆ సెమిస్టరు ముగిశాక తేదీ పెట్టండి. మనుషుల్ని నిలబెట్టి 'ఈ అబ్బాయితో డేట్ ఎంత' అని పాడించే ఆచారం కొన్ని కాలేజీల్లో ఉండేది. సరదాకే అంటారు. తక్కువ పలికినవాళ్ళు ఆ రాత్రి ఎలా నిద్రపోతారో ఆలోచించినవాళ్ళెవరూ అది మళ్ళీ పెట్టరు. ఇంకో మాట. మందు పోస్తే పాట పెరుగుతుందని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. పెరుగుతుంది, నిజమే. మర్నాడు పొద్దున లోను డబ్బులోంచి ఎనిమిది వందల డాలర్లు ఎలా కట్టాలా అని కూర్చునే పిల్లవాడి దగ్గర వసూలు చేసిన సొమ్ముతో సేవేమిటి? నిధి కాస్త తగ్గినా ఫర్వాలేదు, ఆ దారి వద్దు.

ఎన్ని వస్తువులు పెట్టాలన్న దగ్గర ఎక్కువమంది తప్పుదారి పడతారు. ఎక్కువ ఉంటే ఎక్కువ వస్తుందనుకుంటారు. పైకి పెరిగే పాటలో ధరను నిర్ణయించేది గెలిచినవాడు కాదు, రెండోవాడు. రెండోవాడు ఎక్కడ ఆగితే గెలిచినవాడు దానికి ఒక మెట్టు పైన ఆగుతాడు. విలియం విక్రీ 1961లో ఈ లెక్కను సిద్ధాంతంగా రాశాడు, 1996లో ఆయనకు నోబెల్ వచ్చింది. మనకు కావలసిన సారం చిన్నది. ఒక్కరికే ప్రాణమైన వస్తువు చవగ్గా పోతుంది, కనీసం ఇద్దరికి ప్రాణమైనదే పలుకుతుంది. రెండొందల మంది వచ్చే హాల్లో అరవై వస్తువులు గొంతెత్తి పాడితే ప్రతిదానికీ ఒక్కరే మిగులుతారు. నా సలహా, వేదిక మీద పది పన్నెండుకు మించవద్దు. మిగతావి బల్లల మీద కాగితాల్లో రాసుకునే సైలెంట్ ఆక్షన్‌కు పెట్టండి. వేదిక మీదివి గుంపుగా కొనేవైతే ఇంకా మంచిది. ఎనిమిది మంది తలో అరవై వేసుకుంటే 480 డాలర్లు, ఒక్కరి నడుమూ విరగదు. పక్కబల్ల వాళ్ళు తలో డెబ్భై అంటే వీళ్ళలో వీళ్ళు గుసగుసలాడుకుని మళ్ళీ లేస్తారు.

ఇంకా తెలివైన పద్ధతులు పెడదామని ఫైనాన్స్ చదివే మిత్రులు ఉత్సాహపడతారు. ఓడినవాళ్ళు కూడా తాము పాడినంతా కట్టే వేలమైతే ధర్మకార్యానికి ఎక్కువ డబ్బు వస్తుందని కాగితం మీద లెక్క తేలుతుంది. వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీ ఆర్థికవేత్తలు ప్రీస్కూళ్ళ నిధుల కోసం జరిగిన వేలాల్లో దాన్ని నిజంగా ప్రయత్నించి చూశారు. 2008లో వాళ్ళ పరిశోధన అచ్చయింది. ఎక్కువ పాడినవాడు తన పాట కట్టే మామూలు పద్ధతికే ఎక్కువ డబ్బు వచ్చింది. కొత్త పద్ధతులు జనానికి అలవాటు లేక చాలామంది అసలు పాడనే లేదు. అమ్మమ్మకు ఒక్కసారి చెబితే అర్థమయ్యే వేలమే పెట్టండి.

సైలెంట్ ఆక్షన్ కాగితం గురించి కాస్త దగ్గరగా చెబుతాను, రాత్రంతా డబ్బు వచ్చేదీ పోయేదీ దాని మీదే. ఒక్కో వస్తువుకు ఒక్కో కాగితం. పైన పెద్ద అక్షరాల్లో పేరు, దాని కింద నోరూరించే ఒక్క వాక్యం, ఇచ్చినవాళ్ళ పేరు. ఏ తేదీలోగా వాడుకోవాలో, ఎంతమందికో, శాకాహారమో కాదో. తర్వాత బజారులో న్యాయంగా ఎంత విలువ చేస్తుందన్న అంకె. దాని కింద సర్కారువారి పాట. ఆ విలువలో నలభై శాతం దగ్గర పెడితే బాగుంటుంది, ఖాళీ కాగితం మీద మొదటి పేరు రాయడానికి ఎవరికైనా బెరుకే గనక అక్కడ అందుబాటు ధర ఉండాలి. ఆపైన వరసగా పెరిగే అంకెలు ముందే అచ్చువేయండి, 40, 50, 60 అని. అంకెలు వాళ్ళనే రాసుకోమంటే డాలరు డాలరు పెంచుకుంటూ పోతారు. పెన్నును దారంతో బల్లకు కట్టండి. బల్లలన్నీ ఒకేసారి మూసేయకుండా పావుగంటకొకటి మూయండి, ఒకచోట ఓడినవాళ్ళు ఇంకో బల్ల దగ్గరికి వస్తారు. ఒక బల్ల మాత్రం ఐదు డాలర్ల దగ్గర మొదలయ్యే వాటితో నింపండి. డబ్బు లేనివాళ్ళు ఖాళీ చేతులతో గోడకు ఆనుకుని నిలబడే వేలం నాకు నచ్చదు.

వేదిక మీద పాట పాడించే మనిషి గొంతున్నవాడు కానక్కర్లేదు, పేర్లు తెలిసినవాడై ఉండాలి. 'మూడో బల్ల ఎరుపు చొక్కా' అనడం కంటే పేరు పెట్టి పిలిస్తే చేయి లేస్తుంది. అన్నింటికంటే మంచి వస్తువును మొదటా పెట్టకండి, చివరా పెట్టకండి. మొదట జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటుంటారు, చివరికి సగం మంది వెళ్ళిపోతారు. మూడింట రెండొంతులు అయ్యాక పెట్టి, అది అమ్ముడైన ఆ వేడిలోనే ఏ వస్తువూ లేకుండా నేరుగా అడగండి. పోయిన వేసవి ఈ నిధితో వెళ్ళొచ్చిన ఒకరు రెండు నిమిషాలు మాట్లాడాలి. ఎక్కడ పనిచేశారు, అద్దె ఎంత, నిధి నుంచి ఎంత వచ్చింది, ఆ సంస్థలో ఇప్పుడేం మారింది, అంతే. ఆపైన 'ఒక వారం అద్దె ఎవరిస్తారు' అని అడిగి ఆగండి. ఆగడం ముఖ్యం. ఆ నిశ్శబ్దాన్ని మాటలతో నింపేస్తే ఎత్తబోయిన చేతులు దిగిపోతాయి. కార్డు వివరాలు తలుపు దగ్గరే తీసుకుని ఉండాలి. మర్నాడు వసూలు చేద్దామనుకున్న డబ్బులో కొంత ఎప్పటికీ రాదు.

చట్టం సంగతులు చెప్పుకోక తప్పదు. అమెరికాలో వేలంలో కొన్నదానికి కట్టిన మొత్తమంతా దానం కింద లెక్కకు రాదు. బజారు విలువకు పైన కట్టినదానికే పన్ను మినహాయింపు అడగొచ్చు, అదీ అది దాని విలువ కంటే ఎక్కువని తెలిసి కడితే. కాగితం మీద ఆ అంకె వేయమన్నది ఇందుకే. ఒకరు 75 డాలర్లు దాటి కట్టి బదులుగా ఏదైనా తీసుకుంటే, సంస్థ ఆ విలువ రాతపూర్వకంగా తెలియజేయాలి. వంట నేర్పినవాళ్ళు, భోజనం పెట్టిన ప్రొఫెసర్ తమ సమయానికి వెలకట్టి మినహాయింపు అడగలేరు. ఈ మాట ముందే చెప్పండి, ఏప్రిల్‌లో పన్ను కట్టేటప్పుడు మనసు నొచ్చుకోకుండా. లక్కీ డ్రా టికెట్లు అమ్మాలంటే చాలా రాష్ట్రాల్లో వేరే నిబంధనలుంటాయి, స్కూలు ఆఫీసులో అడగకుండా మొదలుపెట్టకండి.

మన పిల్లలకు ఇంకో హెచ్చరిక. ఎఫ్-1 వీసా మీద చదువుతున్నవాళ్ళు 'జీతం లేదు కదా, అనుమతి దేనికి' అనుకుని స్వచ్ఛంద సంస్థలో పనికి వెళ్ళిపోకండి. నిధి నుంచి వచ్చే డబ్బుతో చేసే ఇంటర్న్‌షిప్ అంటే చదువులో భాగంగా ఇచ్చే సీపీటీ అనుమతి కావాలి, స్కూలు ఇచ్చే ఐ-20 పత్రం మీద అది నమోదయ్యాకే పనిలో అడుగుపెట్టాలి. మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే అది ఇస్తారు, కాబట్టి మొదటి ఏడాది చివరి వేసవికి ఇబ్బంది ఉండదు. పూర్తికాలం సీపీటీ పన్నెండు నెలలు వాడేస్తే చదువయ్యాక పనిచేయడానికి వచ్చే ఓపీటీ అనుమతి పోతుంది, ఒక్క వేసవితో అంత దూరం పోదు. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు మార్చిలోనే వెళ్ళండి.

డబ్బు పంచడం వేలం కంటే నాజూకైన పని. నిబంధనలు వేలానికి ముందే రాసి అందరికీ చూపించాలి. డబ్బు చేతికొచ్చాక రాసే నిబంధన ఎవరో ఒకరి ముఖం చూసే రాసినట్టవుతుంది. నిధిలో 60,000 ఉండి ఇరవై మంది అడిగితే తలకు మూడు వేలు పంచేయడం తేలిక. కానీ న్యూయార్క్‌లో గది అద్దెకు తీసుకునేవాళ్ళకూ, అమ్మానాన్నల ఇంట్లో ఉండి పనికి వెళ్ళేవాళ్ళకూ ఒకే మొత్తం అంటే న్యాయం అనిపించుకోదు. వారానికి ఇంత అని ఒక మూలధర పెట్టి, ఊరి ఖర్చును బట్టి, ఆ సంస్థ ఇచ్చేదాన్ని బట్టి సర్దండి. సంస్థను కూడా ఎంతోకొంత ఇమ్మని అడగండి. వంద డాలర్లైనా వాళ్ళ చేతినుంచి వస్తే ఆ ఇంటర్న్‌కు నిజమైన పని అప్పగిస్తారు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు పంచే గదిలో కూర్చోకూడదు. ఎవరి సేవ గొప్పదన్న తీర్పు మాత్రం కమిటీ నెత్తికెత్తుకోకూడదు. మ్యూజియం లెక్కలు రాసే అబ్బాయి, ఆకలి తీర్చే సంస్థలో గోడౌన్ సర్దే అమ్మాయి, ఇద్దరికీ అద్దె పుట్టాలి.

వేసవి మధ్యలో ఒకసారి, చివర ఒకసారి, నిధి అందుకున్న ప్రతివాళ్ళూ ఒక దాతకు నేరుగా ఉత్తరం రాసేలా ఏర్పాటు చేయండి. అందరికీ పంపే ఈమెయిల్ కాదు, ఒకరి పేరున రాసేది. గోంగూర మాంసం చేసి చూపించిన హోటల్ ఆయనకు ఎవరో ఒకరు రాయాలి, ఆయన మార్చి సోమవారంతో ఏ ఆసుపత్రిలో ఏ పని జరిగిందో. మరుసటి ఏడాది ఆయన దగ్గరికి వెళ్ళే పిల్లకు సగం మాటలు ఆ ఉత్తరమే చెప్పి ఉంచుతుంది.

ఎంబీఏ రెండేళ్ళదే కాబట్టి కమిటీ ఏటా చెల్లాచెదురవుతుంది. విద్యార్థులు నడిపే మంచి పనులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, ఉత్సాహం లేక కాదు, కాగితాలు లేక. ఎవరిని అడిగాం, ఏమన్నారు, ఏ వేళకు వెళ్తే దొరుకుతారు, ఏది ఎంతకు మొదలై ఎంతకు పోయింది, ఏ వస్తువుకు ఒక్కరే పాడారు, ఎవరికి ఏ షరతు ఉంది, ఇవన్నీ ఒక్క ఫైల్లో పెట్టండి. కుదరదన్నవాళ్ళ పేర్లు, వాళ్ళు చెప్పిన కారణం కూడా అందులో ఉండాలి. చివరి పరీక్షల హడావిడి మొదలవకముందే, ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కొత్తవాళ్ళను కూర్చోబెట్టి ఆ ఫైలు వరస వరసగా చదివి వినిపించండి. ఆ వారంలోనే వాళ్ళలో ఇద్దరిని వెంటబెట్టుకుని హోటల్ ఆయన దగ్గరికి మధ్యాహ్నం మూడున్నరకు వెళ్ళి, పరిచయం చేయండి.